బ్రేక్ పెడల్ కిందికి దిగుతోంది, ఆయిల్ పోసి బాగుందన్నారు, ఇలాగే సాలూరు ఘాట్ ఎక్కొచ్చా?

అరసవల్లి అబ్బాయి (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. ఇంట్లో 2013 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఉంది, ముందు డిస్కులు వెనక డ్రమ్ములు, గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. ఎక్కువగా నాన్నగారే తీస్తారు, గుడికి, రైతుబజారుకి, ఎప్పుడైనా ఎవరినైనా ఆమదాలవలస స్టేషన్‌లో దింపడానికి, అంతకుమించి పెద్దగా తిరగదు. వచ్చే వారం ఒడిశాలోని జైపూర్‌లో చిన్నాన్నగారింట్లో పెళ్లుంది, అమ్మానాన్నలతో కార్లోనే వెళ్దామనుకుంటున్నాం, చిలకపాలెం మీంచి రాజాం, రామభద్రపురం, సాలూరు, అక్కడ్నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ మీదుగా.

ఇప్పుడు సమస్య ఏటంటే బ్రేకుల మీద నాకు నమ్మకం పోయింది. కొన్నాళ్ల నుంచి పొద్దున్న బండి తీయగానే రెండు మూడు సార్లు కీచుమనేది, తర్వాత ఆగిపోయేది, అది మామూలే అన్నారు అందరూ, కానీ ఈమధ్య మధ్యాహ్నం పూట కూడా ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తూ తొక్కితే సన్నగా కీచు వస్తోంది. పెడల్ ఇదివరకు పైనే పట్టేసేది, ఇప్పుడు సగం దాకా వెళ్లాక పడుతోంది, వెంటనే రెండోసారి తొక్కితే మళ్లీ పైకి వచ్చేస్తుంది. హైవే మీద రణస్థలం వైపు వెళ్లినప్పుడు కాస్త స్పీడులో తొక్కితే స్టీరింగ్ ఎడమ పక్కకి లాగుతోంది. వీటన్నిటికంటే నాకు వింతగా అనిపించింది, మలుపు తిరిగేటప్పుడు మాత్రమే మీటర్ల దగ్గర ఎర్ర లైటు, హ్యాండ్‌బ్రేక్ వేస్తే వెలుగుతుంది కదా అదే, ఒక్క క్షణం వెలిగి ఆరిపోయేది, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దింపే ఉంది.

దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి చూపిస్తే బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ తక్కువుందని కొంచెం పోసి, లైటు ఆగిపోయింది కదా ఇంకేం ఫర్వాలేదు వెళ్లొచ్చేయండి అన్నాడు. నిజమే, లైటు రావట్లేదు. కానీ పెడల్ అలాగే ఉంది, లాగడం అలాగే ఉంది. నాన్నగారేమో మెకానిక్ చెప్పాడు కదా నీకెందుకంత భయం అంటున్నారు. ఇదంతా ప్యాడ్లు అరిగిపోవడమేనా, ఇంకేదైనానా? నేనే చూసుకోగలిగేవి ఏవైనా ఉన్నాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కోట దగ్గర గ్యారేజీ (విజయనగరం):

బాబూ, ముందు నాన్నగారికి ఒక మాట చెప్పండి, బ్రేక్ ఆయిల్ పోయడం రిపేరు కాదు. ఇంజిన్ ఆయిలైతే కొంత కాలిపోతుంది, తగ్గుతుంది, పోస్తాం, సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ మూసేసిన గొట్టాల్లో ఉంటుంది, అది ఖర్చయ్యే వస్తువు కాదు, తగ్గిందంటే ఎక్కడికో వెళ్లింది, ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోకుండా పైన పోసేస్తే లైటు ఒక్కటే ఆరుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో తేలే చిన్న ఫ్లోట్ ఉంటుంది, ఆయిల్ లెవెల్ బాగా కిందికి వచ్చినప్పుడు మలుపులో ఆయిల్ ఒక పక్కకి ఒరిగి ఫ్లోట్ దిగుతుంది, లైటు వెలుగుతుంది, మళ్లీ రోడ్డు తిన్నగా రాగానే ఆరిపోతుంది. మీరు గమనించింది సరిగ్గా అదే, చాలామంది అసలు పట్టించుకోరు దాన్ని.

ఆయిల్ తగ్గడానికి రెండే దార్లు. ఒకటి, ముందు ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్కుకి నొక్కే కాలిపర్‌లో పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్లి కూర్చుంటుంది, పైన డబ్బాలో నెలల తరబడి మెల్లమెల్లగా దిగుతుంది. ఇది లీకు కాదు, ప్యాడ్లు అయిపోయాయని చెప్పడం. దీనిమీద మళ్లీ పైదాకా పోసేస్తే రేపు కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి నొక్కగానే ఆయిల్ పొంగి బయటపడుతుంది, అది పడిన చోట పెయింటు లేచిపోతుంది, అందుకే ప్యాడ్లు చూడకుండా పోయకూడదు. రెండోది నిజం లీకు. వెనక చక్రాల లోపలి పక్క టైరు మీద తడి మరకలున్నాయేమో వంగి చూడండి, డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీసి పెడల్ వెనకాల చెయ్యి పెట్టి చూడండి, బానెట్ కింద, ఆయిల్‌ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్, కాలి బలాన్ని పెంచే పెద్ద గుండ్రటి బూస్టర్‌కి కలిసే చోట చూడండి, అక్కడ పెయింటు ఊడి పొక్కులు వచ్చి ఉంటే అనుమానించండి.

ప్యాడ్లు చూడ్డం ఇంట్లోనే అవుతుంది. బండి చదునైన చోట పెట్టి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పేసి ఇంజిన్ ఆపేయండి, ముందు చక్రం బయటికి తిరిగి ఉంటుంది, ఫోన్ టార్చి వేసి చక్రం కన్నాల్లోంచి లోపలికి చూస్తే మెరిసే డిస్కు కనిపిస్తుంది, దానికి ఆనుకుని ఒక ఇనుప పలక, పలకకీ డిస్కుకీ మధ్య నల్లగా బూడిద రంగులో ఉండేదే ప్యాడ్ మెటీరియల్. కొత్తదైతే సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది, 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చేయాల్సిందే, ఇంకా నడుస్తుంది కదా అని లాగకూడదు. చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ముక్క పెట్టి ఉంటుంది, మెటీరియల్ అంచుకి రాగానే ఆ రేకు డిస్కుకి తగిలి కీచుమంటుంది, కావాలనే అలా పెట్టారు, యజమాని చెవికి వినపడాలని. ఆ కీచు వినీ వినీ వదిలేస్తే తర్వాత వచ్చేది గరగరమని రాపిడి, అంటే ఇనుప పలకే డిస్కుని తినేస్తోంది, అక్కడికి వస్తే ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా పోతాయి. డిస్కు కూడా ఎంత మందం దాకా వాడొచ్చో దాని అంచు మీదే పోతపోసి ఉంటుంది, అంతకంటే పల్చబడితే పాలిష్ పట్టించి పెట్టడం తప్పు.

కానీ ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను, టార్చి వేస్తే కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. లోపలి పక్కది కనపడదు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి, వాటికి గ్రీజు ఎండిపోయి పట్టేస్తే లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది, బయటిది కొత్తదానిలా ఉంటుంది. బయటిది చూసి బాగుందిలే అనుకోవద్దు. మీది ఒక పక్కకి లాగుతోంది అన్నారు కాబట్టి నాకు ఆ అనుమానమే ఎక్కువ. ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసుకోండి, గాలి సరిగ్గానే ఉండి బ్రేక్ తొక్కినప్పుడే ఎడమకి లాగితే ఎడమ చక్రం గట్టిగా పడుతోంది, కుడి చక్రం సరిగ్గా పడట్లేదు అని అర్థం. చాలామంది లాగే పక్క చెడిపోయిందని ఆ పక్కే విప్పి చూస్తారు, రెండు పక్కలా చూడాలి.

ఇక పెడల్. దీనికి మూడు రకాలుగా పరీక్ష చేసుకోండి, బండి ఆపి ఉంచే చేయొచ్చు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి గట్టిగా తొక్కి అలాగే ఒక అర నిమిషం పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందికి జారుతూ ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీల్ పోయినట్టు, ఆ బండి ఇక రోడ్డెక్కకూడదు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. జారకుండా ఉండి, రెండోసారి తొక్కితే పైకి వచ్చి గట్టిగా నిలబడితే వెనక డ్రమ్ముల్లో షూలకీ (లోపల్నుంచి డ్రమ్ముకి రాసుకుని ఆపే ముక్కలు) డ్రమ్ముకీ దూరం పెరిగినట్టు, ఆ దూరాన్ని సర్దే అడ్జస్టర్ పట్టేసి ఉంటుంది. పైకి వచ్చినా కాలి కింద మెత్తగా సాగినట్టుంటే లైన్లో గాలి చేరినట్టు, ఎయిర్ తీయించాలి. అలాగే ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కండి, పెడల్ బిగుసుకుపోతుంది, అలా కాలు నొక్కి ఉంచే స్టార్ట్ చేయండి, పెడల్ ఒక్క పిసరు కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టు. దిగకపోతే బూస్టర్‌కి గాని దాని గొట్టానికి గాని పని ఉంది.

మీరు చెప్పిన దాన్నిబట్టి ముందూ వెనకా రెండు చోట్లా పని ఉంది. నాలుగు చక్రాలూ విప్పి చూడకుండా మాత్రం ఘాట్ ఎక్కొద్దు.

అరసవల్లి అబ్బాయి:

చాలా థ్యాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పరీక్షలు చేశాను. అర నిమిషం పట్టుకుంటే చాలా కొద్దిగా, బహుశా వేలు మందం, జారినట్టనిపించింది, నాకు ఖాయంగా తెలీట్లేదు. బూస్టర్ పరీక్షలో కిందికి దిగింది. టార్చి వేసి చూస్తే రెండు పక్కలా బయటి ప్యాడ్లు బాగానే ఉన్నాయి, కుడి పక్కదైతే ఎడమ దాని కంటే మందంగా ఉంది. గాలి కొట్టించాను, అయినా లాగుతోంది.

కోట దగ్గర గ్యారేజీ:

కుడిది మందంగా ఉందంటే సంతోషించకండి, ఎడమది అరిగి కుడిది అరగలేదంటే కుడిది పని చేయట్లేదనే. జారడం కొద్దిగా అయినా జారడమే. ఇక దాన్ని నడపొద్దు, చూపించేవరకు ఇంట్లోనే పెట్టండి.

సాలూరు స్టీరింగ్ (సాలూరు):

తమ్ముడూ, మాది సాలూరు, ఇప్పుడు మన్యం జిల్లాలో ఉన్నాం గాని మేం ఇంకా విజయనగరం జిల్లా అనే అనుకుంటాం. ఊరంతా లారీలే, నేనూ రాయపూర్ లైన్ తోలినవాణ్నే, ఆ ఘాట్ ఎక్కడం దిగడం మాకు రోజూ పనే. గ్యారేజీ ఆయన చెప్పిందాంట్లో తీసేసేది ఏటీ లేదు. నేను రోడ్డు మీద సంగతి చెప్తాను.

ఎక్కేటప్పుడు ఎవరికీ బ్రేకులు గుర్తురావు, ఇంజిన్ లాగుతుందా లేదా అదే చూస్తారు. దిగేటప్పుడే తెలుస్తాది. నువ్వు వెళ్లేటప్పుడు సాలూరు నుంచి ఎక్కుతావు, కానీ కోరాపుట్ దాటాక జైపూర్‌కి మళ్లీ ఘాట్ దిగాల, తిరుగు ప్రయాణంలో సుంకి నుంచి కిందికి దిగాల, అప్పటికి పెళ్లి భోజనాలు, నిద్రలేమి, బండి నిండా మనుషులు, సామాను. బరువు పెరిగితే బ్రేకు మీద భారం పెరుగుతాది, అది గుర్తుపెట్టుకో.

ఘాట్ దిగేటప్పుడు చూస్తాను గదా, బయటూరు కార్లవాళ్లు నాలుగో గేర్లో వచ్చి మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతానే ఉంటారు, కొందరు పెట్రోలు కలిసొస్తాదని న్యూట్రల్లో వదిలేస్తారు, ఇంకొందరు ఇంజినే ఆపేస్తారు. ఇంజిన్ ఆగిపోతే ఆ బూస్టర్‌కి బలం పోతాది, ఒకట్రెండు సార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుస్తాది, బలమంతా పెట్టి తొక్కితే గాని బండి ఆగదు. ఏ గేర్లో ఎక్కగలవో అదే గేర్లో దిగు, సెకండ్ గాని థర్డ్ గాని, ఇంజిన్ గీ పెట్టినా భయపడకు, ఇంజినే పట్టుకుంటాది బండిని. బ్రేకు మీద కాలు పెట్టుకుని ఊరుకోకు, మలుపు ముందు ఒకసారి గట్టిగా తొక్కి స్పీడు తగ్గించు, వదిలేయ్, చల్లారనీ.

బ్రేకులు కాలితే ముందు వాసన వస్తాది, ఘాటుగా, క్లచ్ ప్లేట్ కాలిన వాసనలా. తర్వాత ఎంత తొక్కితే అంత ఆగాల్సిన బండి ఆగదు, పెడల్ గట్టిగానే ఉంటాది గాని పట్టు ఉండదు. ఇంకా తొక్కితే ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి పడతాది, అప్పుడు పెడల్ ఒక్కసారిగా నేలకి అంటుకుపోతాది. పాత ఆయిల్ అయితే ఇది ఇంకా తొందరగా అవుతాది, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటాది, తేమ చేరితే మరిగే వేడి తగ్గిపోతాది. డాట్ 4 ఆయిల్ కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాల, తేమ పట్టాక 155 దాకా పడిపోవచ్చు. కారెప్పుడూ ఊళ్లోనే తిరిగింది గనక ఆయిల్ ఎన్నేళ్లదో ఎవరికీ గుర్తుండదు, అది మార్పించాకే రా. రెండేళ్లకోసారి మార్చమంటారు, మన దగ్గర సముద్రం గాలికి, వానలకి అది అసలు వాయిదా వెయ్యకూడదు.

వాసన వచ్చిందంటే వెడల్పుగా ఉన్న చోట పక్కకి తీసి ఆపేయ్. గేర్లో పెట్టు, చక్రం కింద మంచి రాయి అడ్డం పెట్టు, కాలిన డ్రమ్ముల మీద హ్యాండ్‌బ్రేక్ బిగించి వదిలేయకు, పట్టేస్తాది. నీళ్లు మాత్రం పొయ్యొద్దు, వేడి డిస్కు మీద చల్లనీళ్లు పడితే పగుళ్లు రావచ్చు, వంకరపోవచ్చు. అరగంట కూచోండి, టీ తాగండి, చల్లారాక కదలండి.

ఇంకో మాట, లోడు లారీ ముందుకి దూరి హఠాత్తుగా బ్రేక్ కొట్టకండి ఘాట్‌లో. మా బళ్లకి గాలి బ్రేకులు, ట్యాంకుల్లో గాలి తగ్గితే బజర్ మోగుతాది, ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటాది, అన్నీ ఉన్నా అంత బరువు నీ కారు ఆగినంత దూరంలో ఆగదు. మేం హారన్ కొట్టేది కోపంతో కాదు.

ఒకవేళ నిజంగానే పెడల్ కిందికి పోయిందనుకో, కంగారుపడి ఇంజిన్ ఆపకు. పెడల్‌ని గబగబా పంపు కొట్టినట్టు తొక్కు, కొంచెమైనా పట్టు దొరకొచ్చు, ఒక్కో గేరూ తగ్గించు, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే మెల్లమెల్లగా ఎత్తు, ఒకేసారి లాగేస్తే వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతాది, కొండ గోడ పక్కకి ఆనించు, లోయ పక్కకి మాత్రం పోనీకు.

రాజాం రైడర్ (రాజాం):

కారు గురించి పెద్దలు చెప్పారు, బైకుల వాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి రెండు మాటలు. వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న బండికి చక్రం దగ్గర బ్రేక్ ప్లేట్ మీద చాలా బళ్లకి చిన్న బాణం గుర్తు ఉంటుంది, బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఎవరినైనా చూడమనండి, బాణం ప్లేట్ మీదున్న గీత దాకా వచ్చేసిందంటే షూలు అయిపోయినట్టే. మనవాళ్లు ఏం చేస్తారంటే బ్రేక్ వదులైనప్పుడల్లా రాడ్ చివర నట్టు బిగించుకుంటూ పోతారు, అది బిగుస్తున్నంత కాలం బ్రేక్ బాగుందనుకుంటారు, మర అయిపోయేదాకా బిగించాక లోపల ఏమీ మిగలదు. ముందు డిస్కు ఉంటే ప్యాడ్ మధ్యలో గాడి ఉంటుంది, గాడి కనిపించకపోతే మార్చడమే. హ్యాండిల్ మీద ఆయిల్ డబ్బాకి చిన్న అద్దం ఉంటుంది, కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది, టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే పాతబడింది.

వాటర్ సర్వీసింగ్ చేయించి బయటికి వచ్చిన వెంటనే మొదటి బ్రేక్ పడదు, డ్రమ్‌లో నీళ్లుంటాయి. వానలో గెడ్డ (వాగు) దాటినా అంతే. మెల్లగా వెళ్తూ బ్రేక్ కొద్దికొద్దిగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. కోతల టైమ్‌లో మా వైపు రోడ్ల మీద వరిగడ్డి, ఉలవ కట్టెలు పరిచేస్తారు, బళ్లు తొక్కితే నూర్పు అయిపోతుందని, దాని మీద ఎంత మంచి బ్రేకైనా చక్రం జారుతుంది, కార్లకైతే ఆ గడ్డి కింద చుట్టుకుని వేడికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది, దాటాక ఒకసారి దిగి కిందికి చూసుకోండి.

బొబ్బిలి టీచరమ్మ (బొబ్బిలి):

మంచి సమయానికి ఈ చర్చ చూశాను. అన్నయ్యగారూ, నా స్కూటర్‌కి ఎడమ చేతి బ్రేక్ పట్టుకుంటే లీవర్ వెళ్లి గ్రిప్‌కి తగిలేస్తోంది. షోరూమ్‌లో కేబుల్ టైట్ చేశారు, పది రోజుల్లో మళ్లీ అదే. రోజూ రామభద్రపురం దాకా వెళ్లొస్తాను, పాపని కూడా ఎక్కించుకుంటాను. ఇది కూడా షూలు అరగడమేనాండి?

రాజాం రైడర్:

అవునమ్మా, మళ్లీ అంత తొందరగా వదులైందంటే కేబుల్ సంగతి కాదు, షూలే అరిగిపోయి ఉంటాయి, లేదంటే కేబుల్ లోపల తీగలు ఒక్కొక్కటిగా తెగుతూ ఉండొచ్చు, లీవర్ దగ్గర రబ్బరు జరిపి చూస్తే పోగులు లేచి కనిపిస్తాయి. రెండింట్లో ఏదైనా టైట్ చేస్తే తీరేది కాదు. మీ స్కూటర్ 2019 తర్వాతదైతే ఎడమ చెయ్యి నొక్కితే ముందూ వెనకా రెండూ కలిపి పడే కాంబీ బ్రేక్ ఉంటుంది, 125 సీసీ లోపు కొత్త బళ్లన్నిటికీ కనీసం అది ఉండాలని ఆ ఏడాది ఏప్రిల్ నుంచి రూలు వచ్చింది, అందుకని రెండు చక్రాలూ విప్పించి చూడమనండి, వెనకది ఒక్కటి చూసి పంపేయనివ్వకండి. చక్రం విప్పినప్పుడు మీరు పక్కనే నిలబడండి, షూ ఎంత మిగిలిందో చూపించమనండి. పాపని ఎక్కించుకుంటానంటున్నారు, అది అయ్యేదాకా బస్సులో వెళ్లండమ్మా.

కళింగపట్నం గాలి (గార):

సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఒక సంగతి. మా దగ్గర రెండు రోజులు బండి తీయకపోతే డిస్కుల మీద ఎర్రగా తుప్పు పొర వచ్చేస్తుంది, మొదటి రెండు మూడు తొక్కులకి గరగరమని తుడుచుకుపోతుంది, ఆ చప్పుడుకి భయపడక్కర్లేదు. కానీ నెలల తరబడి హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసిన కార్లకి వెనక షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి, ఉప్పుగాలికి కేబుళ్లు కూడా లోపల తుప్పు పట్టి తిరిగి రావు, బండి కదిలినా ఆ చక్రం కొద్దిగా పట్టుకునే ఉంటుంది. తెలుసుకునేది ఎలాగంటే, హైవే మీద పెద్దగా బ్రేక్ వేయకుండా కొంత దూరం పోయి ఆపి, ముట్టుకోకుండా చక్రం రిమ్ దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, నాలుగింట్లో ఒకటి మాత్రమే వేడి కొడుతుంటే అది పట్టేసింది. మైలేజీ తగ్గిందని ఇంజిన్ విప్పిస్తారు కొందరు, అసలు సంగతి అక్కడుంటుంది. చాలా రోజులు ఆపాలంటే చదును నేల మీద గేర్లో పెట్టి చక్రాలకి రాళ్లు పెట్టి హ్యాండ్‌బ్రేక్ దింపేయడం మేలు.

అరసవల్లి అబ్బాయి:

అందరికీ మళ్లీ నమస్కారం, ఏమైందో చెప్పాలి కదా. బండి తీయకుండా వేరే మెకానిక్‌ని ఇంటికే పిలిచాం, నాన్నగారు కూడా కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.

ముందు కుడి చక్రం విప్పారు. గ్యారేజీ గారు చెప్పినట్టే కాలిపర్ కింది పిన్ను పట్టేసింది, సుత్తితో తట్టి నూనె వేసి తిప్పితే గాని రాలేదు, రబ్బరు చినిగి లోపలికి నీళ్లు వెళ్లి తుప్పు పట్టేసింది. బయటి ప్యాడ్ దాదాపు కొత్తదే. లోపలిది తీసి నాన్నగారి చేతిలో పెట్టారు, ఒక చివర మెటీరియల్ గోరు మందం కూడా లేదు, ఇంకో చివర దానికి రెండింతలుంది, ఏటవాలుగా అరిగిపోయింది, ఆ రేకు ముక్క కొస రాసుకుని రాసుకుని మెరుస్తోంది. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు, తర్వాత వెనకవి కూడా విప్పేయమని ఆయనే చెప్పారు.

వెనక కుడి డ్రమ్ము తీస్తే లోపల దుమ్మంతా తడిసి ముద్దలా ఉంది. షూలని బయటికి తోసే వీల్ సిలిండర్ చివర రబ్బరు టోపీ స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తగానే ఆయిల్ కారింది. అదన్నమాట తగ్గిన ఆయిల్ వెళ్లిన చోటు. షూలు ఆయిల్ తాగేశాయి, పెట్రోలుతో కడిగి ఎండబెట్టి వేసేద్దామా అని నేనడిగితే మెకానిక్ ఒప్పుకోలేదు, ఒకసారి ఆయిల్ పీల్చిన లైనింగ్ వేడెక్కితే మళ్లీ బయటికి వదులుతుంది, పనికిరాదన్నారు. ముందు ప్యాడ్ల సెట్టు, రెండు పక్కలా పిన్నుల రబ్బర్లు, వెనక షూల సెట్టు, రెండు వీల్ సిలిండర్లు, మొత్తం ఆయిల్ మార్పు, ఎయిర్ తీయడం. డిస్కులు, డ్రమ్ములు కొలిచి చూశారు, లిమిట్‌లోనే ఉన్నాయి. పెడల్ ఇప్పుడు పైనే పట్టేస్తోంది, పట్టుకుని ఉంచితే జారట్లేదు, లాగడం పోయింది.

ఒకటే సందేహం. కొత్త ప్యాడ్లు వేశాక పాత వాటంత కూడా పట్టట్లేదేమో అనిపిస్తోంది, నున్నగా జారినట్టుంది. పెళ్లికి ఇంకా నాలుగు రోజులుంది. ఇది మామూలేనా?

కోట దగ్గర గ్యారేజీ:

మామూలే బాబూ, లీకు పట్టుకున్నారు, చాలా మంచి పని అయింది. ఎడమ పక్క సిలిండర్ కూడా మార్చారు, అదీ సరైనదే, రెండూ ఒకే వయసువి, ఒకటి కారితే రెండోది ఎక్కువ రోజులు ఆగదు.

కొత్త ప్యాడ్ పాత డిస్కు మీద పూర్తిగా కూర్చోవడానికి టైమ్ పడుతుంది. డిస్కు మీద పాత ప్యాడ్ గీసిన గీతలుంటాయి, కొత్తది ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తగులుతుంది, అందుకే పట్టు తక్కువనిపిస్తుంది. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఎచ్చెర్ల దాటాక హైవే మీద వెనకాల ఎవరూ లేకుండా చూసుకుని, 60లో వెళ్తూ మధ్యస్తంగా తొక్కి 20కి దింపండి, పూర్తిగా ఆపకండి, మళ్లీ కొంత దూరం పోనిచ్చి చల్లారాక ఇంకోసారి, ఇలా పదిసార్లయినా చేయండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అవసరం లేకుండా గట్టిగా బ్రేక్ కొట్టకండి, వేడి మీద ఒకేసారి కాల్చేస్తే ప్యాడ్ పైన అద్దంలా నున్నటి పొర కడుతుంది, తర్వాత జీవితాంతం కీచుమంటుంది. కొత్త ప్యాడ్లతో మొదటి ప్రయాణమే ఘాట్ కాకూడదు, మీకు నాలుగు రోజులు దొరికాయి కాబట్టి ఈలోపు రోజూ తిప్పండి.

డబ్బా మీద ఇవాళ ఆయిల్ ఎక్కడుందో మార్కర్‌తో సన్నని గీత గీయండి. రోజూ పొద్దున్న బండి చల్లగా, చదునుగా ఉన్నప్పుడు చూడండి. నాలుగు రోజులకీ గీత మీదే ఉంటే వెళ్లండి. గీత కంటే కొంచెం దిగినా ఎక్కడో నట్టు వదులుగా ఉండిపోయింది, వచ్చి మళ్లీ బిగించమనండి, వాళ్లు విసుక్కున్నా సరే. టైర్లు విప్పారు కాబట్టి ఒక యాభై కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు కూడా ఒకసారి స్పానర్ పెట్టి చూసుకోండి.

సాలూరు స్టీరింగ్:

బాగుంది తమ్ముడూ. సాలూరు దాటక ముందే టైర్లలో గాలి చూపించుకో, ఘాట్ మీద షాపులు తక్కువ. దిగేటప్పుడు సెకండ్ గేర్.